విలియమ్స్‌బర్గ్ విగ్గుల దుకాణం

వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో 18వ శతాబ్దపు పద్ధతిలో విగ్గులు కట్టడం చూశాక ఆ పనితనమే కళ్లముందు ఆడుతోంది. మనిషి జుట్టుతో పాటు గుర్రం, మేక వెంట్రుకలూ వాడేవారు. వాటిని మట్టి గొట్టాలకు చుట్టి ఉడకబెట్టి, ఆరబెట్టి, పిండిముద్దలో పెట్టి కాల్చేవారట, ఉంగరాలు గట్టిగా నిలవడానికి! తర్వాత కొన్నేసి వెంట్రుకలు తీసుకుని పట్టుదారాల మీద అల్లడం, ఆ అల్లికను తల కొలతకు చేసిన వలటోపీకి వరసలుగా కుట్టడం. ఎంత ఓపిక కావాలో! అన్నట్టు, జార్జ్ వాషింగ్టన్‌ది విగ్గు కాదు, పౌడరు అద్దిన సొంత జుట్టే.

ఆ ఊరి విగ్గుల పనివాడు ఎడ్వర్డ్ చార్ల్టన్ లెక్కల పుస్తకం ఇప్పటికీ ఉంది. ఇలాంటి దుకాణాల్లో బానిసలుగా బతికిన నల్లజాతివాళ్లూ పనిచేశారు. నాకు వాళ్ల పేర్లు కూడా చదవాలనుంది.