గ్వావ్‌లో ఒక శుక్రవారం

కరీబియన్ దీవి దేశం గ్రెనడా రాజధాని సెయింట్ జార్జెస్‌లో ఎక్కిన మినీబస్సు, కొండకూ సముద్రానికీ నడుమ ఇరుకు దారిలో ప్రతి మలుపు దగ్గరా హారన్ మోగించుకుంటూ, పశ్చిమ తీరం వెంట ఉత్తరంగా సాగి నన్ను గ్వావ్ అనే జాలరుల ఊళ్లో దించింది. జామపండుకు ఫ్రెంచిలో ఉన్న పేరే ఈ ఊరి పేరు. దిగగానే ముక్కుకు తగిలింది మాత్రం జాజికాయ వాసన, దాని వెనకే పచ్చి చేపల వాసన.

ఒడ్డున కొందరు రెండు వరుసలుగా నిలబడి, మన తీరంలో అలివి వల లాగినట్టే వల లాగుతున్నారు. అందులో పడిన చిన్న చేపలు అమ్మకానికేమో అనుకున్నాను, చాలావరకు ఎరకట. మైళ్ల పొడవు తాటికి వందలాది గాలాలు కట్టి, ఈ చేపలను గుచ్చి, నడిసముద్రంలో సూర (ట్యూనా) చేపల కోసం వదులుతారు. అంతలో ఒక పడవ ఒడ్డుకు చేరింది. ఇద్దరు మోసి దించిన సూర చేప వీపు నీలంగా మెరుస్తున్నది, తోక వైపు వరుసగా ఉన్న బుల్లి రెక్కలు పసుపు ముద్దలో ముంచి తీసినట్టున్నాయి. ఎవరో శంఖం ఊదారు. పూజగదిలో తప్ప శంఖనాదం ఎరగని నేను ఉలిక్కిపడ్డాను. చేప వచ్చింది, కొనుక్కోండని ఊరికి కబురట అది.

జాజికాయల కేంద్రం పాత చెక్క కట్టడం. కాయలను నీళ్లలో వేసి, మునిగినవాటిని మేలు రకంగా, తేలినవాటిని నాసిరకంగా వేరుచేస్తారు. బిర్యానీలో ఇన్నేళ్లుగా వేస్తున్న జాపత్రి, ఈ గింజను వలలా చుట్టుకుని ఉండే ఎర్రని పొర అని కళ్లారా చూసింది ఇక్కడే. 2004లో ఐవాన్ తుపాను దీవిలోని జాజి చెట్లను చాలావరకు కూల్చేసింది. మళ్లీ నాటిన మొక్క కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. అన్నేళ్లు ఆగనక్కర్లేనిది సముద్రమొక్కటే కాబట్టి, ఈ ఊరికి పడవల మీద ఉన్న మమకారం నాకు వింతగా తోచలేదు.

చీకటి పడ్డాక వీధిలో చేపల సంత మొదలైంది. శంఖం లోపలి మాంసంతో వండిన లాంబీ కూర వడ్డిస్తూ, బండి దగ్గరి పెద్దావిడ కారం ఇంకాస్త వేయనా అని అడిగింది. తెలుగువాణ్ణి కదా అని గొప్పకు పోయి వేయమన్నాను. అక్కడి మిరపకాయ చూడటానికి బుల్లి గుమ్మడికాయలా ఉంటుంది. రెండు సీసాల నీళ్లు తాగినా నా నాలుక మంట తగ్గలేదు.