88 కంటే 72 ఎక్కువ ఎలా అయింది: ట్రక్కు లీజుకి పెట్టిన నా అనుభవం

నేను డల్లాస్ పక్కన ఉంటా. కొన్నేళ్లు కంపెనీ డ్రైవర్‌గా నడిపి తర్వాత సొంతానికి ఒక సెకండ్ హ్యాండ్ కాస్కేడియా ట్రక్కు కొన్నా. ట్రైలర్ లేదు. సొంత ఎంసీ నంబర్ (మన పేరు మీదే సరుకు తోలడానికి గవర్నమెంటు ఇచ్చే అనుమతి, దాన్నే అథారిటీ అంటారు) తీసుకుందామంటే కొత్త అథారిటీకి చెప్పిన ఇన్సూరెన్స్ కొటేషన్ చూసి కళ్ళు తిరిగాయి, అందుకని ఇంకో క్యారియర్ (ట్రక్కింగ్ కంపెనీ) అథారిటీ కింద మన ట్రక్కు లీజుకి పెట్టి వాళ్ళు ఇచ్చే లోడ్లు తోలి వచ్చిన కిరాయిలో వాటా తీసుకుందాం అని డిసైడ్ అయ్యా. ఈ లైన్లో పంజాబీ వాళ్ళకి అడగడానికి ఊరికో మామయ్య ఉంటాడు, నాకున్న ఒక్క మావయ్య విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నాడు.

ఆ కంపెనీల రిక్రూటర్లకి ఫోన్ చేస్తే దాదాపు అందరూ చెప్పేది ఒక్క పర్సెంటేజే, అంటే కిరాయిలో మన వాటా. ఒకడు 88 అన్నాడు, ఇంకో కంపెనీ ఆవిడ 72 అంది, ఇంకొకరు పర్సెంటేజ్ కాదు మైలుకి ఇంత అన్నారు. 88 వాడైతే "బ్రదర్, మార్కెట్లో ఇంతకంటే ఎవడూ ఇవ్వడు, ఈ వారమే ఓరియెంటేషన్‌కి వచ్చెయ్" అని ఒకటే తొందర. ఇంట్లో అందరూ ఇంకేం 88కి వెళ్ళిపో అన్నారు. మావయ్యకి ఫోన్ చేస్తే మొత్తం విని ఒక్కటే అడిగాడు, "పర్సెంటు సంగతి తర్వాతరా, పార్టీతో కిరాయి ఎంతకి మాట్లాడారో ఆ కాయితం నీకు చూపిస్తారా లేదా?" అని. ముప్పై ఏళ్ళు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల చుట్టూ తిరిగినాయన కదా, కమీషన్ ఎక్కడ మింగుతారో ఆయనకి తెలుసు.

సరే అని రెండు కంపెనీల దగ్గరా సంతకం పెట్టని లీజ్ కాపీ మెయిల్‌లో పంపమన్నా. 72 ఆవిడ గంటలో పంపింది. 88 వాడు ఓరియెంటేషన్‌లో ఇస్తాం అన్నాడు, నాకు ముందే కావాలి అని పట్టుబడితే ఆఖరికి పంపాడు. అక్కడి నుంచి లెక్క మొదలైంది, గుండ్రం చేసి చెప్తా.

వారానికి 2,500 మైళ్ళు, 6,000 డాలర్ల బిల్లు అనుకోండి, అందులో లైన్‌హాల్ (అసలు కిరాయి) 5,000, ఫ్యూయల్ సర్‌ఛార్జ్ (డీజిలు కోసం పైన ఇచ్చేది) 1,000. 88 వాడి ప్రకారం మొత్తం బిల్లు మీద 5,280 వస్తుంది, చూడ్డానికి బ్రహ్మాండం. కానీ అందులోంచి ట్రైలర్ అద్దె 250, లయబిలిటీ కార్గో ఇన్సూరెన్స్ కలిపి 325, ఈఎల్‌డీకి (నడిపిన గంటలు రికార్డు చేసే మెషీన్) 35, నంబర్ ప్లేట్లకి 60, సేఫ్టీ ఫీజు అని 50 (ఏం సేఫ్టీయో దేవుడికే తెలియాలి), పైగా బిల్లు మీద 3 శాతం ఫ్యాక్టరింగ్ (బిల్లు డబ్బులు ముందే ఇప్పించినందుకు పట్టుకునేది) అంటే 180, మొత్తం 900 పోతుంది, చేతికి 4,380. ఎస్క్రోకి (వాళ్ళ దగ్గర ఉంచే డిపాజిట్) వారానికి పట్టుకునే వంద నేను కలపలేదు, అది తిరిగొచ్చే డబ్బు కాబట్టి. 72 ఆవిడ దగ్గర ట్రైలర్, ఇన్సూరెన్స్ వాళ్ళవే, సర్‌ఛార్జ్ మొత్తం మనకే. అంటే 5,000లో 72 శాతం 3,600, ప్లస్ సర్‌ఛార్జ్ 1,000, అందులో ప్లేట్లు ఈఎల్‌డీకి ఒక 70 పోతే 4,530. డీజిలు, టైర్లు, ట్రక్కు వాయిదా, నా ఆక్యుపేషనల్ యాక్సిడెంట్ పాలసీ (పనిలో దెబ్బ తగిలితే ఆదుకునే ఇన్సూరెన్స్) ఎక్కడైనా మనవే కాబట్టి వాటిని లెక్కలోంచి తీసేశా.

అలాగని 72 ఎప్పుడూ మంచిదని కాదండీ. ఇదే లెక్క బిల్లు పెంచుకుంటూ పోతే వారానికి 7,800 దగ్గర రెండూ సమానమవుతాయి, అది దాటితే 88 వాడే ఎక్కువిస్తాడు. ఇంటికి రాకుండా రోడ్డు మీదే ఉండేవాళ్ళకి అది బాగుంటుంది. నేను ఏటా ఇండియా వెళ్తా, అమ్మకి ఒంట్లో బాలేదు. ట్రక్కు యార్డులో నిలబడి ఉన్నా 88 వాడికి ఆ 900లో ఫ్యాక్టరింగ్ పోను మిగతా 720 వారం వారం బాకీ పడుతూనే ఉంటది, తిరిగొచ్చాక మొదటి సెటిల్‌మెంట్లు (లెక్క చూసి ఇచ్చే డబ్బులు) వాడి పాత బాకీకే సరిపోతాయి.

అసలు మెలిక ఇంకోటి ఉంది. లీజ్‌లో మూడో పేజీలో 88 శాతం "అడ్జస్టెడ్ గ్రాస్" మీద అని రాసుంది. అదేంటయ్యా అంటే వాళ్ళకి సొంత బ్రోకరేజ్ కంపెనీ కూడా ఉంది, లోడ్ ముందు దానికి వస్తుంది, అది తన వాటా తీసుకుని మిగిలిన రేటుకి క్యారియర్‌కి ఇస్తుంది, మనకి 88 శాతం ఆ మిగిలిన దాని మీద. వాటా ఎంత అంటే "లోడ్‌ని బట్టి" అన్నాడు. 12 శాతం అనుకున్నా 88లో 88 అంటే 77 పైచిలుకు, దాంట్లోంచి మళ్ళీ ఆ 720, ఆ ఫ్యాక్టరింగ్. అలాంటి లోడ్లే అయితే ఇంక వారానికి ఎంత బిల్లు చేసినా 72ని దాటదు, నేను ఎక్సెల్‌లో వేసి చూశా.

దీనికి ఫెడరల్ రూల్ ఉంది, 49 సీఎఫ్ఆర్ పార్ట్ 376, ట్రూత్ ఇన్ లీజింగ్ అంటారు, ఓపిగ్గా ఒకసారి చదవండి, పెద్దదేం కాదు. పర్సెంటేజ్ మీద పే చేస్తే సెటిల్‌మెంట్ టైముకి లేదా అంతకంటే ముందే రేటెడ్ ఫ్రైట్ బిల్ (కిరాయి అంకెలున్న బిల్లు) కాపీ ఇవ్వాలి, కస్టమర్ల పేర్లు కొట్టేసి ఇవ్వొచ్చు గానీ అంకెలు చూపించాలి. పేపర్లు ఇచ్చిన 15 రోజుల్లోపు డబ్బులివ్వాలి. కట్ చేసేవన్నీ లీజ్‌లో రాసుండాలి. లీజ్ అయిపోయాక 45 రోజుల్లో ఎస్క్రో తిరిగివ్వాలి, దాని మీద వడ్డీ కూడా ఇవ్వాలి. వాళ్ళ దగ్గరే ఇన్సూరెన్స్ కొనాలి, ఇంకోటి కొనాలి అని బలవంతం చెయ్యకూడదు. కానీ కంపెనీకి సొంత బ్రోకరేజ్ ఉన్నచోట మనకి వచ్చే బిల్లు బ్రోకరేజ్ క్యారియర్‌కి ఇచ్చిన రేటుదే, కస్టమర్ ఎంత కట్టాడో అందులో కనపడదు. కస్టమర్ కట్టింది చూపించే ఆ కాయితమే మావయ్య అడిగింది.

మైలు రేటు వాళ్ళని ఎక్కువ చూడలేదు. ఖాళీ మైళ్ళకి కూడా ఇస్తారు, అది మంచిదే, కానీ మైళ్ళు హబ్ మీటర్ (చక్రానికి ఉండే మైళ్ళ మీటర్) ప్రకారం కాదట, జిప్ కోడ్ టు జిప్ కోడ్ షార్టెస్ట్ రూట్ అట, నడిపిన దాంట్లో కొంత గాల్లో కలిసిపోద్ది.

72 దగ్గర కూడా ఊరికే సంతకం పెట్టలేదు. డిటెన్షన్ డబ్బుల్లో (లోడింగ్, అన్‌లోడింగ్ దగ్గర ఎక్కువసేపు ఆపితే ఇచ్చేవి) మన వాటా ఎంతో రాసిలేదు, అది రాయించా. ఎస్క్రోలోంచి వేటికి కట్ చెయ్యొచ్చో విడిగా లిస్ట్ రాయించా, "ఇతర ఖర్చులు" అనే మాట కొట్టేయించా. ఫ్యూయల్ కార్డ్ డిస్కౌంట్ మొత్తం నాకే ఇవ్వాలి అంటే సగానికి ఒప్పుకున్నారు, సర్లే అనుకున్నా. సంతకానికి ముందు వాళ్ళ దగ్గర నడిపే ఒకాయన్ని ట్రక్ స్టాప్‌లో పట్టుకుని, పేర్లు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టి, రెండు వారాల సెటిల్‌మెంట్లు ఫోన్లో చూశా. రిక్రూటర్ చెప్పిందీ అందులో ఉన్నదీ ఒకటే.

ఇప్పుడు ప్రతి సెటిల్‌మెంట్‌తో రేట్ కన్ఫర్మేషన్ (లోడ్ కిరాయి ఎంతకి ఖాయమైందో రాసిన కాయితం) కాపీ వస్తోంది. సొంత ట్రైలర్ కొంటే ఈ లెక్కంతా మళ్ళీ మొదటి నుంచి వెయ్యాలి, అప్పుడు 72కి ఊరుకోను. ట్రైలర్ నాదైతే ఎంత పెంచుతారు అని ఆవిడని ఇప్పటికే అడిగా, ఫోన్లో "పెంచుతాం, చూద్దాం" అంది, మెయిల్‌లో రాసి పంపండి అన్నా, ఇంకా పంపలేదు.