గిన్నె దాటిన బంక

చిన్నప్పుడు పుస్తకాలకు అట్టలు అంటించడానికి మాకు తుమ్మబంకే దిక్కు. చెట్టు గాటు దగ్గర తేనె రంగులో గడ్డకట్టిన ముద్దను గిల్లి తెచ్చి రాత్రి నీళ్లలో వేస్తే, ఉదయానికి చిక్కటి జిగురు సిద్ధం.

ఆ ధీమాతోనే మొన్న అరకు నుంచి తెచ్చిన తపసి బంకను, అంటే తపసి చెట్టు నుంచి కారే బంకను, గుప్పెడు గిన్నెలో వేసి నీళ్లు పోసి పడుకున్నాను. తెల్లవారి చూద్దును కదా, గిన్నె అంచు దాటి గట్టు మీదికి పాకిన జెల్లీ! వేలితో నొక్కితే జారిపోతుందే కానీ కాగితాన్ని పట్టదు. పైగా పుల్లటి వాసన. పాడైపోయిందనుకున్నాను.

పాడవలేదు, దాని తీరే అంత. తుమ్మబంక నీళ్లలో కరుగుతుంది. తపసి బంక కరగదు, నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఆ వాసన దానిలోంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లానిది, అంటే వెనిగర్ వాసనే. ఇలా ఉబ్బే గుణం వల్లనే దీన్ని విరేచన మందుల్లోనూ, కట్టుడు పళ్లు జారకుండా వేసే పొడుల్లోనూ వాడతారు. మన్యంలో గిరిజనులు సేకరించే ఈ బంకను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటుంది.

అమ్మ మాత్రం గిన్నె చూసి, "ఇక జన్మలో జిగురు కొనక్కర్లేదు" అంది. పారేయడానికి మనసొప్పక గులాబీ కుండీలో కలిపాను. పుస్తకాల అట్టలు ఇంకా ఊడే ఉన్నాయి.