రాన్స్ నేలమాళిగలో ఒక గ్లాసు

ఇవాళ ఫ్రాన్స్‌లోని రాన్స్‌లో సుద్దరాయి తొలిచిన షాంపేన్ నేలమాళిగలోకి దిగాను. బయట ఎండ, లోపల చలి. గోడ మీద చెయ్యి పెడితే తడి సుద్ద వేళ్లకి అంటుకుంది.

1805లో, 27 ఏళ్లకే భర్తను పోగొట్టుకున్న మదామ్ క్లికో ఈ ఊళ్లోనే షాంపేన్ వ్యాపారం తన భుజాన వేసుకున్నారు. సీసాలో మడ్డి పేరుకుని వైన్ మసకబారేది. చిల్లులున్న చెక్కబల్లకి సీసాలను గుచ్చి, రోజూ కాస్త కాస్త తిప్పుతూ మడ్డిని మూతి దగ్గరికి దించే పద్ధతి ఆవిడ దగ్గరే మొదలైందంటారు. ఎంత ఓపిక!

వింటేజ్ షాంపేన్ అంటే ఒకే ఏడాది ద్రాక్ష పంటతో చేసింది. కనీసం మూడేళ్లు ఈ చీకట్లోనే ఉండాలి. నా గ్లాసులో ఉన్నది 2008 పంటది. సన్నటి బుడగలు దారంలా లేస్తూనే ఉన్నాయి. ముందు నిమ్మతొక్క, తర్వాత అప్పుడే కాల్చిన బ్రెడ్ వాసన. వెంటనే తాగబుద్ధి కాలేదు. చాలాసేపు అలా పట్టుకునే నిలబడ్డాను.