నా పక్కన కూర్చుని తిన్నవాళ్లు

నేను బరువు తగ్గుతున్న రోజుల్లో కనిపించిన ప్రతివాళ్లూ మెచ్చుకున్నారు. "ఎంత పట్టుదల నీకు!" అన్నారు. ఆఫీసులో కొందరు ఏం తింటున్నానో, ఎంతసేపు పరిగెత్తుతున్నానో అడిగి మరీ రాసుకున్నారు. అప్పటికే నాకు పీరియడ్స్ ఆగిపోయాయి. దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు వచ్చేది. అందరూ ఉక్కపోతగా ఉందంటుంటే నాకు వేళ్లు చల్లబడి నీలంగా మారేవి. ఇవేవీ చూసేవాళ్లకు జబ్బులా అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

మొదలవడం చాలా మామూలుగా మొదలైంది. రక్తపరీక్షలో షుగర్ కాస్త ఎక్కువగా ఉందని, రోజూ నడవమని, తిండి విషయం కొంచెం చూసుకోమని డాక్టర్ చెప్పారు. మంచి సలహానే. నడక కొన్నాళ్లకు పరుగైంది. ఫోన్‌లో కేలరీలు లెక్కపెట్టే యాప్ పెట్టుకున్నాను. ఆ తర్వాత ఒక్కో నియమం వచ్చి చేరింది. చీకటి పడితే తినకూడదు. తిన్నదానికి సరిపడా నడిచేదాకా కూర్చోకూడదు. ఎవరింటికైనా భోజనానికి వెళ్లాల్సి వస్తే ముందు రోజు మానేయాలి. నియమం తప్పితే పట్టుకునే భయం ఎలాంటిదంటే, జ్వరం వచ్చిన రోజు కూడా బూట్లు వేసుకుని బయటికి వెళ్లాను. ఇంట్లో ఉండిపోతే వచ్చే టెన్షన్ కంటే జ్వరంతో పరిగెత్తడమే తేలికనిపించింది.

రాత్రిళ్లు మాత్రం వేరే కథ. అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి, ఏం తింటున్నానో కూడా తెలియకుండా తినేదాన్ని. తెల్లారాక సిగ్గుతో ఇంకా ఎక్కువ పరిగెత్తేదాన్ని. ఈ రెండూ ఈటింగ్ డిజార్డర్ అనే ఒకే జబ్బుకు, అంటే తిండి చుట్టూ మనసు చిక్కుకుపోయే జబ్బుకు, రెండు వైపులని చాలా ఆలస్యంగా తెలిసింది. కడుపు మాడ్చుకున్న శరీరం ఏదో ఒక వేళ తిరగబడి అడుగుతుంది. అది నోటి చాపల్యం కాదు.

నేను ఎన్ని కిలోలు తగ్గానో, రోజుకు ఎన్ని కేలరీలు తినేదాన్నో ఇక్కడ కావాలనే రాయడం లేదు. ఈ జబ్బులో ఉన్నవాళ్లు అలాంటి అంకెలు ఎలా చదువుతారో నాకు తెలుసు. "ఆవిడ కంటే నేనే నయం" అనో, "అంత తగ్గితే గానీ జబ్బు కాదు" అనో పోల్చుకుంటారు. నేనూ అలాగే పోల్చుకున్నాను.

చివరికి నన్ను ఆపింది కాలి ఎముక. మోకాలి కింద నొప్పి మొదలై, పరుగులోనే కాక నిద్రలో కూడా లేపేది. మొదట చూపించుకున్న చోట నొప్పి మాత్రలిచ్చి, "మీ బరువు నార్మల్‌గానే ఉంది, ఇలాగే మెయింటెయిన్ చేయండి" అన్నారు. నొప్పి తగ్గకపోతే అక్క ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ స్కాన్ చూసి స్ట్రెస్ ఫ్రాక్చర్ అని, అంటే పదేపదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చిన సన్నని పగులని చెప్పారు. వెంటనే ఇంకో ప్రశ్న వేశారు: "చివరిసారి పీరియడ్స్ ఎప్పుడు వచ్చాయమ్మా?" నేను జవాబు వెతుక్కుంటుంటే అక్క నా వైపు తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు. భయం ఉంది.

నా చేతి వాచీ చాలా రోజులుగా నా పల్స్ తక్కువగా ఉందని, అంటే ఫిట్‌నెస్ బాగుందని మెచ్చుకుంటూ ఉండేది. డాక్టర్ మాత్రం పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి పల్స్, బీపీ చూశారు. నిలబడగానే కళ్లు తిరిగాయి. ఈసీజీ తీశారు, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ చూశారు, ఎముకల సాంద్రత తెలుసుకోవడానికి డెక్సా స్కాన్ రాశారు. బాగా శిక్షణ పొందిన ఆటగాళ్లకూ పల్స్ తక్కువే ఉంటుందట, తిండి చాలక గుండె నెమ్మదించినా తక్కువే ఉంటుందట. వాచీకి ఆ తేడా తెలియదు.

తర్వాత ఆవిడ ఓపిగ్గా చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ ఉపయోగపడుతున్నాయి. సంపాదన పడిపోయిన ఇంట్లో ముందుగా ఆగేవి అత్యవసరం కాని ఖర్చులే కదా, శరీరం కూడా అదే చేస్తుందన్నారు. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గగానే మెదడులోని హైపోథాలమస్ ఇది కరువు కాలమని అర్థం చేసుకుంటుంది. అండాశయాలకు వెళ్లే సంకేతాలు తగ్గిస్తుంది. ఈస్ట్రోజన్ తగ్గుతుంది, పీరియడ్స్ ఆగుతాయి, దానితో ఎముక పలచబడుతుంది. థైరాయిడ్ నెమ్మదించి చలి వేస్తుంది. కడుపు ఖాళీ అవడానికి మామూలు కంటే ఎక్కువసేపు పడుతుంది కాబట్టి కొంచెం తిన్నా నిండిపోయినట్టుంటుంది. క్రీడాకారుల్లో ఇలా జరగడాన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్‌-ఎస్ అనే పేరుతో గుర్తించింది. చేసే వ్యాయామానికి సరిపడా తిండి అందక ఒళ్లంతా దెబ్బతినడమన్నమాట. ఇది ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకూ వస్తుంది. బరువు నార్మల్‌గా కనిపిస్తున్నా ఈటింగ్ డిజార్డర్ ఉండొచ్చని కూడా అప్పుడే తెలిసింది. మానసిక వైద్యులు వాడే డీఎస్ఎమ్ పుస్తకం 2013 నాటి ఐదో కూర్పులో ఇలాంటి స్థితిని విడిగా పేర్కొంది. నా బరువు చూసి నాకు జబ్బు లేదనుకున్నవాళ్లకు, నాతో సహా, అది జవాబు.

డైటీషియన్ మొదటి రోజే ఒకేసారి ఎక్కువ తినమనలేదు. చాలాకాలం పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చట. అందుకే మొదట్లో రక్తపరీక్షలు చేయిస్తూ మెల్లగా పెంచారు. మూడు పూటలు భోజనం, మధ్యలో చిన్న చిన్న తిండి. మూడు నాలుగు గంటలకు మించి ఖాళీ ఉండకూడదు. ఆకలి వేసినా వేయకపోయినా గడియారం చూసి తినాలి, ఎందుకంటే నా ఆకలి సూచనలు అప్పటికి నమ్మదగినవి కావు.

డైటీషియనే నాకు మిన్నెసోటా ప్రయోగం గురించి చెప్పారు. 1944–45లో అమెరికాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు తిండి బాగా తగ్గించి పరిశీలించారు. యుద్ధంలో కరువు పాలైన జనానికి మళ్లీ ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం కోసం, వాళ్లు స్వచ్ఛందంగానే ముందుకొచ్చారు. కొన్నాళ్లకే వాళ్లకు తిండి తప్ప వేరే ఆలోచన లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు. దిగులు, చిరాకు, ఎప్పుడూ చలి. మళ్లీ తినడం మొదలుపెట్టాక నెలల తరబడి ఎంత తిన్నా ఆకలి తీరలేదు. ఇది విని నేను చాలాసేపు ఏడ్చాను. అర్ధరాత్రి వంటింట్లో నిలబడేది చెడిపోయిన మనిషి కాదు, ఆకలితో ఉన్న మనిషి అని మొదటిసారి ఒప్పుకోగలిగాను.

అయితే తెలియడం వేరు, ముద్ద నోట్లో పెట్టుకోవడం వేరు. ఇక్కడే అందరూ నాకు "పట్టుదలగా ఉండు" అని చెప్పారు. పట్టుదల నాలో ఎప్పుడూ తక్కువ కాలేదు. నన్ను అక్కడిదాకా తీసుకెళ్లింది అదే. జబ్బు నా పట్టుదలనే వాడుకుంది. నాకు కావాల్సింది కొంతకాలం ఆ నిర్ణయాలు నా చేతుల్లో లేకపోవడం.

అది అక్క చేసింది. "నువ్వేం ఆలోచించకు. ప్లేట్లో నేను పెడతా. నీ పని తినడం, అంతే" అంది. పెట్టి వెళ్లిపోలేదు, తనూ పక్కన కూర్చుని అదే తినేది. ఒక్కో ముద్దకూ నా చేయి ఆగిపోతే "తిను, తిను" అని వెంటపడలేదు. తన ఆఫీసు గొడవలు చెప్పేది, చిన్నప్పటి టీచర్ల గురించి చెప్పేది, పాత పజిల్ ఏదో తెచ్చి ముందు పెట్టేది. తిన్నాక అరగంట నన్ను ఒంటరిగా వదిలేది కాదు. అసలు గండం ఆ అరగంటే. తిన్నది కరిగించేయాలని కాళ్లు లాగుతుంటాయి. ఒకసారి నేను ప్లేటు తోసేసి అరిచాను. తను ప్లేటు మళ్లీ నా ముందుకు జరిపి, "నువ్వు అరిచినా నేనిక్కడే ఉంటానే" అంది. అంతకంటే పెద్ద మాటలేవీ మాట్లాడలేదు.

అమ్మకు ఇది కష్టమైంది. నేను కోలుకుంటుంటే ఆనందం పట్టలేక "అబ్బ, కాస్త ఒళ్లు చేశావమ్మా!" అనేసింది. ఆ పూట నేను భోజనం ముట్టలేదు. కౌన్సెలర్ అమ్మను పిలిచి నా ఒంటి గురించి మంచిగా కానీ చెడుగా కానీ మాట్లాడవద్దని చెప్పారు. "మొహంలో కళ వచ్చింది" అన్నా కూడా జబ్బుకు అది "లావయ్యావు" అనే వినిపిస్తుందట. అప్పటి నుంచి అమ్మ "ఈరోజు బాగా నవ్వావు" అంటుంది. ఆ మాట కోసం ఎదురుచూసేదాన్ని.

కోలుకోవడం అందంగా ఏమీ ఉండదు. ముందే చెప్పి ఉండకపోతే మధ్యలోనే మానేసేదాన్నేమో. చీలమండలు వాచాయి. పొట్ట ఉబ్బింది. పెరిగిన బరువంతా మొదట నడుము చుట్టూనే చేరినట్టనిపించింది, అది తర్వాత సర్దుకుంటుందని డైటీషియన్ చెబుతూ వచ్చారు. రాత్రిళ్లు చెమటతో దుప్పటి తడిసేది. అక్క నా పాత బట్టలన్నీ తీసేసి వదులైనవి తెచ్చింది. క్లినిక్‌లో బరువు చూసే మిషన్ మీద నన్ను వెనక్కి తిరిగి నిలబెట్టేవారు. అంకె వాళ్లు చూసి రాసుకునేవారు, నాకు చెప్పేవారు కాదు. ఇంట్లో మిషన్ అక్క తీసుకెళ్లిపోయింది, యాప్ నేనే తీసేశాను.

అక్క తర్వాత నన్ను నిలబెట్టింది వారానికోసారి కలిసే ఒక చిన్న గుంపు. వయసులు వేరు, ఒళ్లు వేరు, జబ్బు తీరు వేరు. ఒకాయనకు కండల పిచ్చి, ఒకావిడకు రాత్రిపూట ఆగని తిండి. అయినా నేను సగం వాక్యం చెబితే మిగతా సగం వాళ్లకు తెలిసిపోయేది. ఇంట్లోవాళ్లు ఎంత ప్రేమగా ఉన్నా ఆ సగం వాళ్లకు వివరించాల్సి వచ్చేది. తినేముందు భయమేస్తే ఆ గుంపులో ఎవరికో ఒకరికి ఫోన్ చేసేదాన్ని. "ప్లేటు ముందు పెట్టుకున్నా" అంటే, "నేనూ పెట్టుకున్నా, మొదలుపెడదాం" అనేవారు.

పరుగు పూర్తిగా మానేశాను, ఎముక అతుక్కునేదాకా, పీరియడ్స్ తిరిగి వచ్చేదాకా. తర్వాత నడకతో మొదలైంది, వాచీ లేకుండా, ఎవరో ఒకరితో మాట్లాడుతూ. కౌన్సెలర్ ఒక ప్రశ్న నేర్పారు: ఈరోజు మానేస్తే ఏమవుతుంది? "ఏముంది, రేపు వెళ్తా" అని మనసు చెబితే వెళ్లొచ్చు. గుండె దడదడలాడితే ఆ రోజు ఇంట్లోనే ఉండాలి. ఇప్పటికీ ఆ ప్రశ్న వేసుకునే బయటికి వెళ్తున్నాను.

ఈమధ్య ఆఫీసు ఒత్తిడిలో ఒక పూట భోజనం మానేశాను, మానేసినందుకు లోపల హాయిగా అనిపించింది. ఆ హాయి నాకు బాగా తెలుసు. ఆ సాయంత్రమే అక్కకు ఫోన్ చేసి చెప్పాను. "వస్తున్నా, కలిసి తిందాం" అంది. వచ్చింది. వెన్నెముక సాంద్రత మొదటి స్కాన్ కంటే మెరుగైంది కానీ నా వయసుకు ఉండాల్సినంత ఇంకా లేదు, డాక్టర్ మళ్లీ స్కాన్ చేద్దామన్నారు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఉంటే, వాళ్లు కళ్లు తిరిగి పడిపోతున్నా, గుండె దడ అంటున్నా, తిన్నది కావాలని కక్కేస్తున్నా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. బరువు బాగానే ఉందని ఊరుకోవద్దు. మీరూ లోపలికి వెళ్లండి. డాక్టర్ అడిగినప్పుడు మాకు నోరు పెగలదు. పీరియడ్స్ ఆగిన సంగతి, జ్వరంలో పరిగెత్తిన సంగతి ఆ రోజు చెప్పింది అక్కే.