తెల్ల సిరా గొడుగు స్పోర్ ప్రింట్: ఈసారీ నల్ల ముద్దే

మళ్ళీ నల్ల ముద్దే మిగిలింది. స్పోర్ ప్రింట్ (గొడుగు నుంచి రాలే బీజాణువులు, అంటే విత్తనాల్లాంటి కణాలు, వేసే ముద్ర) కోసం రాత్రి గాజు స్లైడ్ మీద బోర్లించిన తెల్ల సిరా గొడుగు (పండాక నల్ల సిరాలా కరిగిపోయే పుట్టగొడుగు) తెల్లారేసరికి మొత్తం కారిపోయింది. అది కోప్రినోప్సిస్ నివియా అని నా అనుమానం. చిరాకుగానే ఉంది గానీ ఈసారి కొలతలు రాసిపెట్టుకున్నాను కాబట్టి అవే పెడుతున్నా.

పేడ మీద మొలిచే శిలీంధ్రాల కోసం పెట్టిన మిగతా ట్రేల సంగతి రెండు ముక్కల్లో. ఆరుబయట నీడలో పెట్టిన ఆవు పేడ, గుర్రపు లద్దె, గొర్రె పెంటికలు మూడింటిలోనూ శిలీంధ్రాలు మొలిచే వరస తప్పలేదు. ముందు పైలోబోలస్ అనే బూజు, తర్వాత చిన్న గిన్నెల్లాంటి ఆస్కోబోలస్, ఆఖరున పుట్టగొడుగులు. పైలోబోలస్ వెలుతురు వైపు విసిరిన నల్ల బీజాణు సంచులన్నీ మూతకే అతుక్కున్నాయి. మూత లేకపోతే అవి రెండు మీటర్ల దాకా వెళ్ళగలవు. పానియోలస్ పాపిలియోనేసియస్ అనే పుట్టగొడుగు ప్రింట్ నల్లగా, శుభ్రంగా పడింది.

పేచీ అంతా తెల్లదానితోనే. లద్దె ట్రేలో రెండు రకాల సిరా గొడుగులు పక్కపక్కనే లేచాయి. ఒకటి బూడిద రంగుది, పైపొర పీచు పీచుగా ఉంది, కాడ లద్దెలోకి వేరులా దిగింది. అది కోప్రినోప్సిస్ సినేరియా. రెండోదాని మీద తెల్ల పొడి దట్టంగా ఉంది, ముట్టుకుంటే వేలికి అంటుతోంది. ఆ పొడి మైక్రోస్కోప్ కింద గుండ్రటి కణాలు. సినేరియా పొరలో ఉండేవి పొడవాటి కణాలు. ఇక్కడికి నివియా అనే అనిపిస్తుంది, కానీ బీజాణువులు కొలవనిదే నాకు తృప్తి లేదు. సినేరియావి సుమారు 9–12 × 6–8 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యోవంతు). నివియావి బాగా పెద్దవి, పైగా రెండు పక్కలా నొక్కిన నిమ్మకాయలా ఉంటాయి. అంటే మూడు కొలతలు కావాలి: పొడవు 13–19, ఎదురుగా వెడల్పు 10–14, పక్కనుంచి చూస్తే 9–12.

ఆ కొలతలకు ప్రింట్ కోసం రకరకాలుగా ప్రయత్నించాను. విప్పకముందు కోసిన గొడుగు అసలేమీ రాల్చలేదు. సగం విప్పిన 22 మిల్లీమీటర్ల గొడుగును 25 డిగ్రీల దగ్గర కప్పు కింద బోర్లిస్తే పొద్దుటికి 31 మిల్లీమీటర్ల వెడల్పు సిరా మడుగు. 40ఎక్స్‌లో చూస్తే బీజాణువులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి, మధ్యలో చితికిన కణాలు. కొన్ని ఇంకా లేత గోధుమ రంగులోనే ఉన్నాయి, పక్వానికి రానట్టే. కప్పు తీసేసి ఉంచితే నాలుగు గంటల్లో అంచు ఎండిపోయింది, స్లైడ్ మీద బూడిద గీత తప్ప ఏమీ లేదు. ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర కరగడం తగ్గింది, దానితోపాటు రాలడమూ ఆగిపోయింది. కాస్త పనికొచ్చింది ఒక్కటే: గొడుగును సగానికి కోసి 40 నిమిషాలకే తీసేయడం. అంచు వెంబడి 2 మిల్లీమీటర్ల సన్నటి పట్టీ పడింది. అందులోని బీజాణువుల కొలత 14.5 × 12 మైక్రాన్లు వచ్చింది. అయితే అన్నీ వెల్లకిలా పడుకున్నవే, పక్క కొలత ఒక్కటీ దొరకలేదు.

నా ఊహ ఇది. సిరా గొడుగుల్లో బీజాణువులు కింది అంచు నుంచి పైకి పండుతూ పోతాయి. పండిన పట్టీ రాలగానే ఆ భాగాన్ని గొడుగు తన ఎంజైములతో తానే కరిగించుకుంటుంది, పై వరసకు దారి ఇవ్వడానికి. రాలడం, కరగడం ఒకదాని వెనకాలే ఒకటి. అలాంటప్పుడు మామూలు పుట్టగొడుగుల్లా రాత్రంతా బోర్లించడంలో అర్థమే లేదు. కప్పు కింద తేమ నిలవడం ఇంకో కారణం కావచ్చు. రాలినవి నీటి పొరలో పడి సిరాలో కలిసిపోతున్నాయేమో.

సిరానే కడిగి చూద్దామని చుక్కను నీళ్ళలో కలిపి, గంట తేరనిచ్చి, పైనీళ్ళు వంపేశాను. మళ్ళీ అదే పని. అడుగున మిగిలినవాటికి గ్లిసరిన్ చుక్క వేసి కవర్ స్లిప్‌ను కొద్దిగా కదిపితే బీజాణువులు దొర్లాయి. పక్క కొలత 10 వచ్చింది! సంబరమే, కానీ సిరాలో పండినవీ పండనివీ కలిసే ఉంటాయి. ఆ సగటును సినేరియా సగటు పక్కన పెట్టడానికి మనసొప్పడం లేదు.

  

వచ్చేసారి గొడుగును కోయను. ట్రేలోనే ఉంచి, అంచుకి 3 మిల్లీమీటర్ల కింద అగ్గిపుల్లల మీద స్లైడ్ ఆనించి, అర్ధరాత్రి నుంచి అరగంటకొకటి మారుస్తాను. నిద్ర పాడవుతుంది, తప్పదు. ఎండెక్కేసరికి అంతా సిరాయే కదా.

ఇంకోటి కూడా తొలుస్తోంది. తెల్లవి వచ్చిన వైపు సినేరియా పలచబడి ఒక మూలకే పరిమితమైంది. కోప్రినస్ హెప్టెమెరస్ అనే పేడ సిరా గొడుగు తంతువులు (దారాల్లాంటి పోగులు) తగిలితే చాలు, పక్క శిలీంధ్రాల తంతువులు చస్తాయని 1970లో శిలీంధ్ర పరిశోధకులు ఇకెడియుగ్వు, వెబ్‌స్టర్ చూపించారు. ఇక్కడా అదే జరుగుతోందా, లేక ఆ మూలలో తేమే ఎక్కువా? ఒకే లద్దె ముద్దను రెండు చేసి, ఒక సగంలో రెండు రకాలూ, రెండో సగంలో సినేరియా ఒక్కటే వేసి చూడాలి. లద్దె తెచ్చే గుర్రానికి ఈమధ్య నులిపురుగుల మందు వేశారో లేదో కూడా ముందు కనుక్కోవాలి. మందు వల్ల పేడపురుగులు తగ్గితే ముద్ద విడిపోయే తీరే మారిపోతుంది, అప్పుడు పోలిక కుదరదు.