సూపర్‌మార్కెట్‌కి కారం అమ్మబోయి ఆడిట్‌లో పడ్డాం: నా అనుభవం

మా కారానికి మొన్ననే వెండర్ కోడ్, అంటే సరుకు ఇచ్చేవాళ్లకి సంస్థ ఇచ్చే నంబరు, వచ్చింది. ఇక నుంచి ఒక పెద్ద సూపర్‌మార్కెట్ వాళ్ల గుంటూరు, విజయవాడ షాపుల్లో దొరుకుతుంది. సంస్థ పేరు చెప్పను, ఇంకా మొదటి లోడే వెళ్లలేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మాది గుంటూరు పక్కన పల్లె. డ్వాక్రా గ్రూపు వాళ్లం కలిసి మిల్లు పెట్టుకున్నాం. స్థానికుల దగ్గరే కొంటాం, ఊరికి అండగా ఉంటాం అంటూ ఆ సంస్థ మేనేజరే వెతుక్కుంటూ వచ్చాడు. "అక్కా, అక్కా" అని ఒకటే మర్యాద. ఈ ప్రేమ ఊరికే పుట్టలేదు లెండి. షేర్ మార్కెట్‌లో ఉన్న టాప్ 1000 కంపెనీలు చిన్న ఉత్పత్తిదారుల దగ్గర ఎంత కొన్నాయో ఏటా షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీకి ఇచ్చే రిపోర్టులో చూపించాలి.

కాగితాల పని తేలికే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉచితం, డబ్బులడిగే బ్రోకర్ని గుమ్మం ఎక్కనివ్వకండి. ఫుడ్ లైసెన్స్, 890తో మొదలయ్యే బార్‌కోడ్ ఆన్‌లైన్‌లోనే అయిపోయాయి. ల్యాబ్‌లో తేమ 11 శాతం దాటలేదు, కారంలో కల్తీకి వాడే సుడాన్ రంగు లేదు. ఎందుకుంటుంది? మేం 334 రకం కాయలో కాస్త బ్యాడిగి రకం మిర్చి కలిపి ఆడిస్తాం. ఆ ఎరుపు చూశాక రంగు కలపాలన్న ఆలోచన ఎవరికొస్తుంది?

కాయ ఏ రైతుదో రాయమన్నారు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి దగ్గర కొన్న టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) ఎవరి చేను కాయ ఉందో ఎవరు చెప్పగలరు? అందుకని ఈసారి మా ఊరి రైతుల దగ్గరే నేరుగా కొని, పేర్లు రాసిచ్చాం.

అసలు కథ ఆడిట్‌తో, అంటే మిల్లులో పనివాళ్లని ఎలా చూస్తున్నామో చూసే తనిఖీతో, మొదలైంది. హైదరాబాద్ నుంచి ఒకతను ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. బాత్రూమ్ చూశాడు, మంటలార్పే సిలిండర్ చూశాడు, అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత ముచ్చికలు తీస్తున్న ఆడవాళ్లలోంచి ఒక పెద్దావిడను విడిగా పిలిచాడు. నాకు అత్త వరస. నీ ఆధార్ కార్డు వీళ్లేమైనా లాక్కున్నారా, పని మానేస్తానంటే ఒప్పుకుంటారా, కొడతారా అని అడిగాడట. "కొట్టేదేంటయ్యా, లెక్కలో తేడా వస్తే నేనే దాన్ని నాలుగు తిడతాను" అందట నా గురించి మా అత్త. గ్రూపులో ఆవిడకీ నాకూ సమాన వాటా. పని చేసే మనిషే యజమాని కూడా అయితే ఎక్కడ రాయాలో అతని ట్యాబ్‌లో లేదు.

ఆ రోజు రెండో శనివారం. బడి లేదు కాబట్టి అత్త మనవరాలు పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది. అతను చటుక్కున ఫొటో తీసి, బాల కార్మికురాలు ఉన్నట్టు అనుమానం అని రాసుకుపోయాడు. మిరపకాయల్లో పిల్లల చెయ్యి ఎవరైనా పెట్టనిస్తారా? ఆ చేత్తో కళ్లు నలుపుకుంటే తెలుస్తుంది. ఎంత చెప్పినా వినలేదు. ఫైలు ఆగిపోయింది. నిన్నటిదాకా అక్కా అన్న మేనేజర్ "మేడమ్, కంప్లయన్స్ వాళ్లతో మాట్లాడుకోండి" అని, రూల్స్ చూసే విభాగం మీదికి తోసేసి ఫోన్ పెట్టేశాడు. అటెండెన్స్ కాగితం కోసం బడికి వెళ్తే హెడ్‌మాస్టారు "పోలీసు కేసా అమ్మా?" అన్నారు. సాయంత్రానికి ఊరంతా అదే మాట. ఆ అమ్మాయి తల్లి నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. ఆ కాగితమే పంపితే, ఎప్పటికో ఒక్క లైను మెయిల్: 'క్లోజ్డ్'. సారీ లేదు.

తనిఖీలు వద్దని నేననను. కాయ కోతలకి కర్నూలు వైపు నుంచి కుటుంబాలు వలస వస్తాయి. వాళ్ల పిల్లలు బడి మానేసి చేలల్లోనే ఉంటారు, మా కళ్ల ముందు సంగతే. రైతుల పేర్లు మా దగ్గర తీసుకున్నారు కదా, ఆ చేల గట్టు మాత్రం ఏ ఆడిటరూ తొక్కలేదు. మా రేటు కిలోకి ఇంతని పిండిన కొనుగోలు ఆఫీసరుకి ఆడిట్ ఎవరు చేస్తారో అది కూడా తెలీదు.

డబ్బుల దగ్గర మాత్రం మేం తగ్గలేదు. 60 రోజులకి ఇస్తామన్నారు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం ప్రకారం మాలాంటి వాళ్లకి ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, దాటితే వడ్డీ కట్టాలి. ఉద్యమ్ నంబరు బిల్లు మీద వేసి చూపిస్తే నోరెత్తలేదు. మీరూ వేయించండి.

ఊరికేం కావాలని కూడా అడిగారు. బరకాలు, ఒక సిమెంటు కళ్లం అడిగాం. కాయ మంచుకి తడిసి బూజు పట్టకుండా ఉంటే వాళ్ల ల్యాబ్ వెతికే అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) బెడదా తగ్గుతుంది. లోగో వేసిన స్కూల్ బ్యాగులు పంచి, ఫొటోలు దిగి వెళ్లారు.

ఇప్పుడు ప్యాకెట్ మీద వేయడానికి మా అత్త నవ్వుతున్న ఫొటో కావాలంటున్నారు. ఎంతిస్తారో కనుక్కోమంది అత్త. మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు.